బాపు తలూపిన పాట

మా బాపు గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది. నేను స్టేజీ ఎక్కే ముందు మైకు పట్టుకున్న ప్రతివాళ్ళూ అదే చెబుతారు. సూరత్‌లో మరమగ్గాల నడుమ పుట్టిన పిల్ల, ఆ చప్పుడులోనే లయ నేర్చుకుంది, నేతపని చేసే తండ్రి ఒక్కనాడు కూడా 'ఆపు బిడ్డా' అనలేదు, అందుకే ఇవాళ గిటారు, బేస్, డ్రమ్స్, కీబోర్డు నాలుగూ ఒక్కతే వాయిస్తోంది. ఆ తర్వాత చప్పట్లు. ఈ కథలో నా పేరొక్కటే నిజం. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. ఒక్క షెడ్డులో అరవై సాంచాలు నడుస్తుంటే ఏ రెండూ ఒక్క తాళంలో ఉండవు. అందులో లయ నేర్చుకోవడమంటే వడగళ్ళ వానలో తాళం వెతకడమే. మా బాపు నేతపని చేయలేదు, చెడిపోయిన సాంచాలను బాగుచేసే మాస్టర్. ఇక ఆపమనలేదంటారా, అది మాత్రం అక్షరాలా నిజం. కానీ ఆపమనాలంటే ముందు వినబడాలి కదా! ఆయనకు చెవుడు.

ఇన్నేళ్ళూ ఈ మాట నేను బయట అనలేదు. ఇప్పుడు అంటున్నానంటే దానికి నా కుడిచెవి కారణం. మూణ్ణెల్ల కిందట అందులో సన్నగా ఈల మొదలైంది, పక్కింట్లో కుక్కరు కూస్తున్నట్టు. తర్వాత డ్రమ్స్‌లో నిలబెట్టే ఇత్తడి పళ్ళెం కొడితే దెబ్బ వినబడేది, దెబ్బ వెనకాల సాగే తోక వినబడేది కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. నోటికున్న ధైర్యం చెవికి లేకపోయింది. జీవితమంతా సాంచాల మధ్య గడిపిన చెవి ఏమవుతుందో ఇంట్లోనే చూసినదాన్ని. ముప్పై ఏళ్ళుగా స్పీకర్ల ముందు నిలబడ్డ చెవి ఏమై ఉంటుందో తెలుసుకోవాలనిపించలేదు. నాకు వేరే ఉద్యోగం లేదు. ఏ కంపెనీ అండా లేకుండా సొంతంగా రాక్ పాటలు కట్టుకుని, ఇంట్లోనే రికార్డు చేసుకుని, ఊరూరా చిన్న హాళ్ళలో వాయించుకునేవాళ్ళను ఇండీ అంటారు. మావాళ్ళు బేకార్ అంటారు. ఏ పేరుతో పిలిచినా అది నడిచేది ఈ రెండు చెవుల మీదే. అవి పోతే మిగిలేది నా నోరు. దాన్ని వినడానికి టికెట్టు కొని ఎవరూ రారు.

చివరికి పోయిన వారం వెళ్ళాను. గాజు కిటికీ ఉన్న ఒక పెట్టెలాంటి గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికో బటన్ ఇచ్చారు. సన్నగా చప్పుడు వినబడినప్పుడల్లా నొక్కాలి. నొక్కుతూ పోయాను. కుడిచెవి వంతు వచ్చేసరికి నాలుగైదు చప్పుళ్ళ తర్వాత ఏమీ లేదు. అయినా నొక్కుతూనే ఉన్నాను. ఎందుకంటే ఎంతసేపటికొకసారి వస్తోందో అప్పటికే లెక్క పట్టేసుకున్నాను. చప్పుడు రాకపోయినా వచ్చి ఉండాల్సిన చోట బటన్ నొక్కేస్తున్నాను. పరీక్ష చేసే గుజరాతీ అమ్మాయి కాసేపు చూసి తలుపు తీసుకుని లోపలికొచ్చింది. "బెన్, ఇదేం గర్బా కాదు. మీరు తాళం వేస్తున్నారు. వినబడితేనే నొక్కండి."

దొరికిపోయాను. యాభై ఏళ్ళ మనిషిని, బడిలో కాపీ కొట్టి పట్టుబడ్డ పిల్లలా తలొంచుకున్నాను. ఆ గాజు గదిలోనే, మా బాపు ఇన్నేళ్ళు చేసిన మోసం ఎలాంటిదో చేతివేళ్ళకు తెలిసొచ్చింది.

సూరత్‌లో, తెలంగాణ నుంచి వలసొచ్చిన మాలాంటివాళ్ళుండే లింబాయత్‌లో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలోకి ఎండ కన్నా ముందు నూనెవాసన వచ్చేది, పక్క షెడ్డు సాంచాలది. దానికి తోడు అమ్మ చీరలకు మెరుపురాళ్ళు అంటించే జిగురు వాసన. ఈ రెండూ కలిస్తే వచ్చే వాసనే నాకు పుట్టింటి వాసన. ఎవరైనా మల్లెపూలూ మట్టివాసనా అని రాస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బాపు డ్యూటీ దిగి వచ్చేసరికి కనుబొమ్మల మీద దూది పేరుకుని, ఒక్కపూటలో ముసలివాడైపోయినట్టు ఉండేవాడు. గడప దగ్గరే గొంతుక్కూర్చుని గ్యాసునూనెతో, అదే కిరోసిన్‌తో, చేతులు రుద్దుకునేవాడు, గోళ్ళ సందుల్లో గ్రీజు పోయేదాకా. తర్వాత బట్టలసబ్బు. తర్వాత జొన్నరొట్టె, పచ్చిపులుసు. తినేటప్పుడు గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. అది ఆయన జాగా. అక్కడ వేరెవరం కూర్చునేవాళ్ళం కాదు.

అమ్మకు ఏ మాటైనా రెండుసార్లు చెప్పే అలవాటుండేది. ఒకసారి ఇంటికంతా వినబడేలా, ఇంకోసారి బాపు ఎదురుగా వెళ్ళి, ఆయన మొహంలోకి చూస్తూ. "పప్పు అయిపోయింది" అని వంటింట్లోంచి ఒకసారి, బయటికొచ్చి ఇంకోసారి. దాన్ని మేం మొగుడి మీద గౌరవం అనుకున్నాం. మమ్మల్ని తప్పుపట్టకండి. మా వీధిలో చెవిటివాణ్ణి కనిపెట్టడం మీవల్లా అయ్యేది కాదు. సాంచాల మోతలో మాట వినబడదు కనుక అక్కడ మనుషులు పెదాలు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. ఇంటికొచ్చాకా ఆ అలవాటు పోదు. ముద్దు చేసినా అరుపే, తిట్టినా అరుపే. అందరూ అరిచే చోట, అందరూ ఎదుటివాడి మొహం చూసే మాట్లాడే చోట, వినబడేవాడికీ వినబడనివాడికీ తేడా ఏముంటుంది?

షెడ్డులోనూ ఎవరికీ తెలియలేదు. అదే అసలు విచిత్రం. ఎందుకంటే మాస్టర్ పని చెవితోనే. సాంచా పక్కన నిలబడి, తల కొంచెం వంచి, దాని మోతలో తేడా పట్టి రోగం చెప్పాలి. నా చిన్నప్పుడు బాపు అట్లాగే చేసేవాడట. తర్వాతెప్పుడో సాంచా మీద అరచెయ్యి పెట్టడం మొదలుపెట్టాడు. ఒక చోట, ఇంకో చోట, ఇంకో చోట. తర్వాత రించి పానా తీసుకునేవాడు. "మాస్టర్‌కు ఇనుడు గూడ అక్కర్లేదు, చెయ్యి పెడ్తె చాలు" అని కార్మికులు చెప్పుకునేవారు. చెవి పోయినందుకు ఆయనకు బిరుదు ఇచ్చారన్నమాట. తెలిస్తే మాత్రం మర్నాడే ఇంకో మాస్టర్ వచ్చేవాడు.

ఇక నా సంగతి. మున్సిపాలిటీ తెలుగు బడిలో ఏడు దాకా చదివి, తర్వాత గుజరాతీలో కొట్టుకుని, కాలేజీకొచ్చాక నలుగురు అబ్బాయిలు బ్యాండు పెడితే పాడటానికి చేరాను. ప్రాక్టీసు మా ఇంట్లో. వాళ్ళ కాలనీల్లో డ్రమ్స్ కొడితే పోలీసులొస్తారు. మా వీధిలో ఎవరొస్తారు? వారానికో రోజు కార్ఖానాలకు కరెంటు కోత ఉండేది, ఆ ఒక్కరోజే వీధి పడుకునేది. మిగతా ఆరురోజులూ మా మోత ఆ మోతలో చుక్క. అట్లా నాలుగు వాద్యాలూ మా ముందు గదిలో చేరాయి. తర్వాత ఒక్కొక్కడే జారుకున్నాడు. డ్రమ్స్ వాయించే జిగ్నేశ్‌కు పెళ్ళి కుదిరింది, పెళ్ళితో పాటు బట్టల దుకాణం. బేస్ అబ్బాయికి హజీరాలో ఉద్యోగం. గిటారువాడు పూణె పోయాడు. కీబోర్డువాడు పరీక్షలైపోయాక వస్తానన్నాడు. ఏ పరీక్షలో ఇప్పటికీ తెలీదు. నా నోటికి భయపడి పారిపోయారని పక్కనే డిండోలిలో ఉండే మా చుట్టాలు చెప్పుకుంటారు. నా నోటికి భయపడేవాళ్ళయితే వాద్యాలు కూడా తీసుకుపోయేవాళ్ళు కదా!

వాళ్ళు పోలేదనుకున్నాను నేను. రాలేదనుకున్నాను. కార్ఖానాలో ఒక మనిషి రాకపోతే అతని సాంచాలు ఆపరు. పక్కవాడు తన వాటితో పాటు అవి కూడా నడుపుతాడు, దాన్ని బద్లీ అంటారు. బద్లీకి ఒక మర్యాద ఉంది. పక్కవాడి సాంచాను అతని పద్ధతిలోనే నడపాలి, ఏదీ జరపకూడదు, మార్చకూడదు. తిరిగొచ్చిన రోజున అతని చేతికి అది కొత్తగా అనిపించకూడదు. నేనూ అదే చేశాను. డ్రమ్స్ నేర్చుకున్నాను, బేస్ నేర్చుకున్నాను, ఒక్కొక్కటీ దాని యజమాని ఎట్లా వాయించేవాడో అట్లా. జిగ్నేశ్ ఎడమచేతివాటం. నాది కుడి. డ్రమ్స్ అతను అమర్చినట్టే వదిలేసి, చేతులు వంకర తిప్పుకుని నేర్చుకున్నాను. ఇప్పటికీ అట్లాగే అమర్చుకుంటాను. పత్రికలవాళ్ళు దాన్ని నా శైలి అంటారు. శైలీ లేదు, గాడిదగుడ్డూ లేదు. అతనొస్తాడని నడుపుతూ ఉండిపోయాను, అంతే. రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి, ఒకదాంట్లో డ్రమ్స్ మోగిస్తూ దాని మీద బేస్ వాయించి రెండోదాంట్లోకి ఎక్కించి, దాని మీద గిటారు, దాని మీద కీబోర్డు, ఆ పైన నా గొంతు. నా వృత్తి మొత్తం ఆ ముందు గదిలో, బద్లీగా మొదలైంది.

ఇంత జరుగుతుంటే బాపు ఒక్క మాట అనేవాడు కాదు. బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు. ఆయన గడప దగ్గర చేతులు రుద్దుకుంటుంటే వెనకనుంచి "బాపూ, గిది ఎట్లున్నది?" అని అడిగేదాన్ని. తిరిగి చూసేవాడు కాదు. ఒకసారి కాదు, పదిసార్లు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆడపిల్ల కొట్టే డప్పులకు జవాబెందుకని ఆయన ఉద్దేశమని తీర్మానించుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక ఆ వీపుకే చెప్పాను: "నీకు సాంచాల మోత తప్ప ఇంకేదీ పాట కాదు. నీ చేతుల్నే కాదు, నీ మనసును గూడ గ్రీజే తిన్నది." ఆయన గోళ్ళు రుద్దుకుంటూనే ఉన్నాడు. జిగురు గిన్నె పక్కనపెట్టి అమ్మ నావైపు చూసిన చూపు మాత్రం ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదది. ఏదో చెప్పబోయి మింగేసినట్టు. నాకు అప్పుడు అర్థం కాలేదు. రెండేళ్ళు ఆయనతో ముభావంగా ఉన్నాను. నాకు ముభావం అంటే ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు.

ఇంతలో కోత రోజున కూడా నేను డ్రమ్స్ కొట్టడంతో ఎదురింటి యశోద అత్త వచ్చి గుమ్మంలో నిలబడింది. బాపు మొహానికి మొహం పెట్టి అరిచింది. "ఏందన్నా ఇది? వారానికొక్కరోజు గద నిద్రపోయేది. పొద్దుగాల్నే నీ బిడ్డ పీపాలు పగలగొడ్తున్నది. నీకేం అనిపిస్తలేదా?"

బాపు తొణకలేదు. "నాకేం ఇబ్బంది లేదు గద చెల్లె. నేనూ ఈడనే పండుకుంటున్న గద. మంచిగనే కొడ్తది మా పిల్ల."

"మంచిగనా? జర చెవులు సూపిచ్చుకోరాదు?"

"నా చెవులకేమైంది, సాంచాలన్నీ నా చెవులతోనే నడుస్తున్నయ్."

అత్త దండం పెట్టి వెళ్ళిపోయింది. ఊరంతా చెప్పింది. కూతురంటే అంత పానం పెట్టిన తండ్రిని ఎక్కడా చూడలేదని. అదీ ఆ కథ పుట్టుక. అది ఆమె నోట మొదలై మైకుల దాకా ఎక్కింది. నేను మాత్రం గిటారు తీగలు సవరిస్తూ, నా ఎదుట అనని మాట అత్త ముందెందుకన్నాడు, పరువు కోసమా అని పళ్ళు నూరుకున్నాను.

ఆ తర్వాతి కోత రోజు నా మొదటి క్యాసెట్టు పూర్తయింది. మూడు పాటలు, నాలుగు వాద్యాలు, ఒక్క మనిషి. ఇవాళ తేల్చుకుందామని టేప్‌రికార్డరు తెచ్చి బాపు ముందు స్టూలు మీద పెట్టాను. చప్పుడు పెద్దగా రావాలని దాన్ని పెద్ద స్పీకరు పెట్టెకు తీగతో కలిపాను. ఆ తీగ గుచ్చితే టేప్‌రికార్డరు సొంత స్పీకరు మూగబోతుంది, మోత పెట్టెలోంచే వస్తుంది. బాపు మంచం మీద చాయ్ సాసర్‌తో కూర్చున్నాడు. ఆయన ఎదురుగా క్యాసెట్టు తిరిగే కిటికీ. నా వైపు, పక్కన, చిన్న అంకెల మీటరు. వందసార్లు ముందుకీ వెనక్కీ తిప్పినదాన్ని కనుక ఏ అంకె దగ్గర ఏ పాట మొదలై ఎక్కడ అయిపోతుందో నాకు కంఠతా వచ్చు. రెండు పాటలయ్యాయి. బాపు తల ఊపుతున్నాడు. నాకు లోపల గర్వం, పైకి మూతి విరుపు. మూడోది మొదలవుతుండగా అమ్మ పిలిస్తే వంటింట్లోకి వెళ్ళబోయాను. కాలు తీగకు తగిలింది.

తీగ పెట్టె వెనక ఊడిపోయింది. పాట ఆగిపోయింది. క్యాసెట్టు మాత్రం తిరుగుతూనే ఉంది.

గది నిశ్శబ్దం. కోత రోజు కనుక వీధి కూడా నిశ్శబ్దం. నేను వెనక్కి తిరిగాను, సారీ చెప్పి తీగ తగిలించాలని. బాపు తల ఊపుతున్నాడు. కళ్ళు క్యాసెట్టు కిటికీ మీద, చక్రాలు తిరుగుతున్నాయి కదా, పాట నడుస్తోందని. సాసర్ అంచు మీద బొటనవేలు ఆడుతోంది. నన్ను పట్టించుకోని వీపు, అమ్మ రెండుసార్లు చెప్పే మాటలు, సాంచా మీద అరచెయ్యి, అన్నీ ఒక్కసారిగా వచ్చి వరసన నిలబడ్డాయి. మనసును గ్రీజు తిన్నదని నేనన్న మాట కూడా వచ్చి నిలబడింది. ఆయనకది వినబడలేదన్న ఊరట ఒకవైపు, అంతకన్నా పెద్ద దుఃఖం ఇంకోవైపు. తీగ తగిలించవచ్చు. "బాపూ, పాట ఆగిపోయింది" అని మొహం మీద చెప్పవచ్చు. నేను చెప్పకుండా ఉన్న మాటలు జీవితంలో చాలా తక్కువ. అందులో ఇదొకటి. వెళ్ళి ఆయన ఎదురుగా కింద కూర్చున్నాను. ఆయన తల ఊపుతుంటే చూస్తూ, అంకెల మీటరు చూస్తూ, వినబడని నా పాటను చివరిదాకా ఆయనతో కలిసి విన్నాను.

పాట అయిపోయే అంకె వచ్చింది. అక్కడి నుంచి ఖాళీ టేపు, ఇంకా చాలాసేపు తిరుగుతుంది. చక్రాలు అట్లాగే తిరుగుతున్నాయి. బాపు తల ఆగింది. సరిగ్గా అక్కడే. సాసర్ కింద పెట్టాడు. "మంచిగున్నది బిడ్డా" అన్నాడు.

నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా. ఆ మధ్యాహ్నం రొట్టె నా పళ్ళెంలో వేస్తూ అమ్మే, తక్కువ గొంతుతో, ఒక్కసారే అంది. "తీగ గట్టిగ కట్టుకోరాదా బిడ్డా." అమ్మ ఒక మాట రెండోసారి చెప్పకపోవడం అదే మొదటిసారి. బాపు మరో పదిహేనేళ్ళు మాస్టర్‌గానే చేసి, అరచేత్తోనే సాంచాలన్నీ నడిపించి, మాస్టర్‌గానే దిగాడు. అమ్మ ఆ రహస్యం తనతోనే తీసుకుని పోయింది.

ఇప్పుడు మేమిద్దరం డిండోలిలో, నాలుగో అంతస్తులో ఉంటాం. గ్యాసునూనె వాసన లేదు. పైవాళ్ళకు నా చప్పుడు తగిలితే గుమ్మంలోకి రారు, ఫోన్‌లో మెసేజ్ పెడతారు, అదీ చేతులు జోడించిన బొమ్మతో. ఆ బొమ్మ కన్నా యశోద అత్త తిట్టు నయం. అయినా ఇప్పుడు ఆ మెసేజ్‌లు కూడా రావడం లేదు. నా డ్రమ్స్ రబ్బరు పళ్ళేలు, మోత అంతా హెడ్‌ఫోన్లలోకే పోతుంది. నేను చెమటలు కక్కుతూ వాయిస్తుంటే ఇంకెవరికీ చిటికె చప్పుడు కూడా వినబడదు. ఒకప్పుడు వీధంతా విని బాపు ఒక్కడే వినలేదు. ఇప్పుడు బిల్డింగంతా బాపులే.

పరీక్ష ఫలితమా? ఆ అమ్మాయి రెండోసారి నన్ను బటన్ మీద వేలు నిటారుగా పెట్టించి, కళ్ళు మూయించి, నిజాయితీగా చేసింది. తర్వాత డాక్టరు కుడిచెవిలో దీపం వేసి చూసి, "ఎంతకాలంగా దాస్తున్నారు దీన్ని?" అన్నాడు. గులిమి. రాయిలా గట్టిపడ్డ గులిమి. అది తీశాక ఫ్యాను చప్పుడు కూడా కచేరీలా వినబడింది. వయసుకు తగ్గ అరుగుదల కొంచెం ఉందట, స్టేజీ మీద చెవులకు అడ్డు పెట్టుకుంటే చాలట. ఆటోలో కూర్చుని ఏడ్చానో నవ్వానో నాకే తెలీదు. షేరింగు ఆటో కనుక మిగతా ముగ్గురు ప్రయాణికులకు తెలిసుంటుంది.

ఇంటికెళ్ళేసరికి బాపు బాల్కనీలో చాయ్ తాగుతున్నాడు. నేను కొనిచ్చిన చెవి మిషను చొక్కా జేబులో ఉంది. బ్యాటరీ అరిగిపోతుందని అందులో దాస్తాడు. ఎదురుగా కూర్చుని, పెదాలు కనబడేలా చెప్పాను. "గులిమట, బాపూ."

"గులిమా?" పళ్ళు లేని నోటితో పగలబడి నవ్వాడు. "గంత పెద్ద నోరు పెట్టుకొని, గింత గులిమికి మూడు నెలలు భయపడ్డవా?"

"నీ బిడ్డనే గద. దాచుడు నీ దగ్గర్నే నేర్సిన."

ఆ మాట ఆయనకు అందింది. నవ్వు ఆపలేదు, కానీ చూపు చాయ్ మీదికి దించాడు. అప్పుడు అడిగాను, ముప్పై ఏళ్ళుగా మింగిన మాట. తీగ ఊడిన సంగతీ, చక్రాలు తిరుగుతూనే ఉన్న సంగతీ, పాట అయిపోయిన చోటే ఆయన ఆగిన సంగతీ. బాపు మొత్తం నా పెదాల మీద చదివాడు. తర్వాత, "చాయ్‌ల షెక్కర తక్వైంది" అన్నాడు.

తప్పించుకున్నాడు. పోనీ నేనే ఆలోచిద్దామంటే రెండు దార్లున్నాయి. నెలల తరబడి నేను అదే పాట సాధన చేస్తుంటే, రొట్టె తింటూ గోడకు ఆనించిన ఆ వీపులోంచి, సాంచా రోగం అరచేతికి తెలిసినట్టే, పాట మొత్తం ఆయనకు తెలిసిపోయి ఉండాలి. లేదా, అంకెల మీటరు చూస్తున్న నా మొహంలో పాట అయిపోయిందని ఆయన చదువుకుని ఉండాలి. మొదటిదైతే మైకుల దగ్గర చెప్పే ఆ కథకు నేను క్షమాపణ చెప్పుకోవాలి. రెండోదైతే, తీగ ఊడిందనీ, నాకు తెలిసిపోయిందనీ, నేను తెలియనట్టు కూర్చున్నాననీ ఆయనకు ఆ రోజే తెలుసు. చక్కెర వేసి తెచ్చిచ్చాను. ఇంకా జవాబివ్వలేదు. రేపు మళ్ళీ అడుగుతాను, ఎల్లుండీ అడుగుతాను, నాకిప్పుడు చెవులున్నాయి, ఓపికా ఉంది. చెప్పు బాపూ, ఆ రోజు నువ్వు ఆగింది నా పాట తెలిసా, నా మొహం చూసా?